ఐస్ ప్లాంటులో అమ్మోనియా: ఆయిల్ తీసేటప్పుడు, గ్యాస్ ఎక్కించేటప్పుడు, లీకైనప్పుడు ఏం చేయాలి

కాకినాడ, భీమవరం, నెల్లూరు వైపు ఐస్ ప్లాంట్లు, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లు, గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలు, పాల డెయిరీలు. వీటిలో పెద్దవి చాలావరకు అమ్మోనియా మీదే నడుస్తాయి. ధర తక్కువ, చల్లదనం ఎక్కువ, కరెంటు కలిసొస్తుంది. ఇబ్బందల్లా ఒక్కటే, అది విషవాయువు. 2020 జూన్‌లో నంద్యాలలో ఒక ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకై ఒకరు చనిపోయారు. అదే ఏడాది ఆగస్టులో చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలంలోని ఒక డెయిరీలో లీకైతే మహిళా కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు.

ఇక్కడ చెప్పేది కంప్రెసర్ గదిలో షిఫ్టు చేసే ఆపరేటరుకి, హెల్పరుకి, ఆ ప్లాంటు యజమానికి. ద్రవ అమ్మోనియా నిల్వ ఉండే రిసీవర్ ట్యాంకు దానంతటది పగలడం అరుదు. మనుషులకు దెబ్బ తగిలేది ఎక్కువగా సిస్టమ్‌ను తమ చేత్తో తెరిచినప్పుడే: ఆయిల్ తీస్తూ, గ్యాస్ ఎక్కిస్తూ, గ్లాండ్ (వాల్వ్ కాడ చుట్టూ కారకుండా ఉండే బిగింపు) బిగిస్తూ, పాత వాల్వ్ విప్పుతూ. అందుకే ఆ పనుల గురించే ఎక్కువ చెబుతున్నాం.

ముందు దీని గుణం తెలుసుకోండి

మామూలు గాలి పీడనం దగ్గర అమ్మోనియా మైనస్ 33 డిగ్రీలకే మరిగిపోతుంది. రిసీవర్‌లో ద్రవంగా నిలబడిందంటే ఒత్తిడి వల్లే. 35 డిగ్రీల దగ్గర ఆ ఒత్తిడి గేజి మీద సుమారు 180 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 40 డిగ్రీలకు 210. మే నెలలో కండెన్సర్‌కు నీళ్లు సరిగా అందకపోతే ముల్లు ఇంకా పైకి పోతుంది.

ఒక లీటరు ద్రవం బయటపడితే దాదాపు 850 లీటర్ల గ్యాస్ అవుతుంది. మీ కంప్రెసర్ గది 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు అనుకోండి. తలుపులు మూసి ఉండగా అందులో ఒక గ్లాసుడు, అంటే 200 మిల్లీలీటర్ల ద్రవం ఒలికితే గదంతా సుమారు 2,800 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు అన్ని భాగాలు) అవుతుంది. ఆ అంకె అర్థం కావాలంటే ఈ కొలతలు చూడండి. 5 పీపీఎం దగ్గరే చాలామందికి వాసన తెలుస్తుంది. ఎనిమిది గంటల షిఫ్టుకు సగటున 25 దాటకూడదు. పావుగంటకైతే 35 హద్దు. 300 ప్రాణానికి ముప్పు తెచ్చే స్థాయి, అక్కడి నుంచి వెంటనే బయటపడాలి. 1,700 దగ్గర దగ్గు ఆగదు. 5,000 దగ్గర నిమిషాల్లో ప్రాణం పోవచ్చు.

వాసన ముందే హెచ్చరిస్తుందన్నది నిజమే. కానీ రోజూ ఆ గదిలో ఉండేవాడి ముక్కు మొద్దుబారుతుంది. “కొంచెం వాసన మామూలేనండీ” అని ఆపరేటర్ అంటుంటే ఆ ప్లాంటులో ఎక్కడో గ్లాండ్ కారుతోందనే అర్థం. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటే నవ్వకండి, వాళ్ల ముక్కే సరిగా పనిచేస్తోంది.

అమ్మోనియా ఆవిరి గాలికన్నా తేలిక, పైకి పోతుంది. ఈ మాట నమ్మి మోసపోయినవాళ్లున్నారు. ద్రవం చిమ్మినప్పుడు తేమను పట్టుకుని చల్లటి తెల్లటి పొగలా నేలబారున పాకుతుంది. గోదావరి జిల్లాల వర్షాకాలపు తేమలో ఇది మరీ ఎక్కువ. ఇక నీరంటే దానికి ప్రాణం. తడి ఎక్కడుంటే అక్కడికే పోతుంది: కళ్లు, గొంతు, ఊపిరితిత్తులు, చెమట పట్టిన చంకలు, గజ్జలు. రాగిని, ఇత్తడిని తినేస్తుంది కాబట్టి ఇత్తడి వాల్వులు, ఇత్తడి అమర్చిన గేజీలు ఈ లైన్లో పెట్టకూడదు. గాలిలో 15 నుంచి 28 శాతం చేరితే అంటుకుంటుంది కూడా.

చేతికి అందేలా ఉండాల్సినవి

మాస్కు కంప్రెసర్ గది లోపల బీరువాలో తాళం వేసి ఉంటే లేనట్టే లెక్క. తలుపు బయట, గోడకు తగిలించండి. క్యానిస్టర్ మాస్కుకు ఆకుపచ్చ గుర్తు ఉన్న అమ్మోనియా క్యానిస్టరే వాడాలి. దుమ్ముకు వాడే గుడ్డ మాస్కు, పెయింటర్ల మాస్కు దీనికి పనికిరావు. క్యానిస్టర్ మీద గడువు తేదీ ఉంటుంది, సీలు విప్పాక అది ఎక్కువ కాలం నిలవదు. క్యానిస్టర్ మాస్కు తప్పించుకోవడానికి, చిన్న లీకు దగ్గర కాసేపు పనికి. 300 పీపీఎం దాటినచోటికి, ఎంత ఉందో తెలియనిచోటికి వెళ్లాలంటే వీపున గాలి సిలిండర్ ఉన్న సెట్టు కావాలి. గడ్డం ఉన్నవాడికి ఏ మాస్కూ ముఖానికి అతకదు. షిఫ్టులో మాస్కు వేసుకోవాల్సినవాళ్లు గడ్డం గీసుకునే రావాలి.

కళ్లకు గాలి రంధ్రాల్లేని గాగుల్స్, చేతులకు నియోప్రీన్ లేదా బ్యూటైల్ రబ్బరు గ్లౌజులు, పైన రబ్బరు ఆప్రాన్, కాళ్లకు గమ్ బూట్లు. షవర్, కళ్లు కడిగే కుళాయి పది సెకన్లలో చేరేంత దగ్గర ఉండాలి, దారిలో ఐస్ క్యాన్లు అడ్డం ఉండకూడదు. దాని నీళ్లు కనీసం పావుగంట ధారగా రావాలి. కరెంటు పోతే ఆ కుళాయి ఆగిపోతుందా? అయితే ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి విడిగా లైను వేయించండి.

కప్పు మీద గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ సంచి కట్టండి, రాత్రి కూడా కనబడేలా దాని మీద లైటు పడాలి. గ్యాస్ డిటెక్టర్ పెడితే 25 పీపీఎం దగ్గర మోగేలా పెట్టండి. ఒకటి కప్పు దగ్గర, ఇంకొకటి మనిషి ముఖం ఎత్తులో ఉంటే రెండు రకాల లీకులూ తెలుస్తాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్, ఎమర్జెన్సీ స్టాప్ బటన్ తలుపు బయటే ఉండాలి.

ఆయిల్ తీయడం

కంప్రెసర్ ఆయిల్ కొంచెం కొంచెంగా గ్యాస్‌తో పాటు పోయి రిసీవర్, చల్లబరిచే కాయిళ్లు, అక్యుములేటర్ (కంప్రెసర్‌కు ద్రవం పోకుండా ఆపే ట్యాంకు) అడుగున చేరుతుంది. ద్రవ అమ్మోనియా కన్నా బరువు కాబట్టి కిందే నిలుస్తుంది. దాన్ని తీయకపోతే కాయిల్ చల్లబడదు. తీసేటప్పుడు ఆయిల్ అయిపోగానే దాని వెనకే ద్రవ అమ్మోనియా వస్తుంది. ఈ పనిలోనే ప్రాణాలు ఎక్కువగా పోయేది.

డ్రెయిన్ పైపు మీద రెండు వాల్వులు వరసగా ఉండాలి. మొదటిది మామూలు స్టాప్ వాల్వ్. రెండోది స్ప్రింగ్ వాల్వ్, చెయ్యి వదలగానే దానంతటది మూసుకునేది. మీ ప్లాంటులో రెండోది లేకపోతే మొట్టమొదట చేయించాల్సిన ఖర్చు అదే. కొన్నిచోట్ల చెయ్యి నొప్పెడుతోందని ఆ స్ప్రింగ్ హ్యాండిల్‌ను తీగతో కట్టేస్తారు. అలా కట్టిన వాల్వ్ ఉన్నా లేనట్టే.

1. ఇద్దరు ఉండాలి. ఒకరు తీస్తారు, ఇంకొకరు మాస్కు చేతిలో పట్టుకుని గాలి వచ్చే వైపు దూరంగా నిలబడి చూస్తారు. పగటిపూటే చేయండి. షిఫ్టు మారే వేళ వద్దు.

2. ఆయిల్ పాట్‌కు (అడుగున చేరిన ఆయిల్‌ను పట్టే చిన్న పాత్రకు) వచ్చే లైను మూసేయండి. పాట్ నుంచి సక్షన్‌కు (కంప్రెసర్ గ్యాస్‌ను లాగే లైనుకు) పోయే వెంట్ తెరిచి ఉంచి అందులో మిగిలిన అమ్మోనియా మరిగిపోయేదాకా ఆగండి. పాట్ అడుగున మంచు పట్టి ఉంటే ఇంకా ద్రవం ఉన్నట్టే. మంచు కరిగి, చెయ్యి పెడితే గది వేడికి వచ్చాకే ముందుకు పోండి. ఇందుకు కొన్ని గంటలు పట్టొచ్చు. రాత్రి మూసి పొద్దున తీసేవాళ్లది మంచి పద్ధతి.

3. వెంట్ మూసి పదిహేను, ఇరవై నిమిషాలు గేజి చూడండి. ఒత్తిడి గబగబా పెరిగితే లోపల ద్రవం మిగిలింది, మళ్లీ వెంట్ తెరవండి. మరీ వాక్యూమ్‌లో ఉన్నా తీయకండి, ఆయిల్ రాకపోగా గాలి లోపలికి పోతుంది. కొద్దిపాటి ఒత్తిడి చాలు.

4. డ్రెయిన్ పైపు చివర ఇనుప బకెట్ పెట్టండి. మీరు పైపుకు పక్కన నిలబడాలి, ఎదురుగా కాదు. గాలి మీ వీపు వైపు నుంచి వీయాలి. మీరు పరిగెత్తే దారి వెనక ఖాళీగా ఉండాలి.

5. స్ప్రింగ్ వాల్వ్ నొక్కి పట్టుకుని స్టాప్ వాల్వ్‌ను పావు చుట్టు మాత్రమే తిప్పండి. ఆయిల్ చిక్కగా, నిదానంగా రావాలి. నురగ వచ్చినా, బుసబుసమని చప్పుడైనా, పైపు మీద తెల్లగా మంచు పట్టినా చెయ్యి వదిలేయండి.

6. ఆయిల్ రావడం ఆగితే వాల్వ్‌ను ఇంకా తెరవకండి. చాలా ప్రమాదాల్లో జరిగేది ఇదే: చల్లబడి గట్టిపడిన ఆయిల్, మడ్డి పైపుకు అడ్డం పడుతుంది. రావట్లేదని వాల్వ్ బార్లా తెరుస్తారు, పైపును సుత్తితో కొడతారు, తీగ పెట్టి పొడుస్తారు. అడ్డు ఒక్కసారిగా తొలగి ద్రవం ముఖాన చిమ్ముతుంది, ఆ చిమ్ములో మళ్లీ వాల్వ్ దగ్గరికి పోలేరు. అడ్డు పడితే రెండు వాల్వులూ మూసి, పాట్‌ను పైన చెప్పినట్టు మళ్లీ ఖాళీ చేసి, వేడెక్కనివ్వండి. పైపు మీద బయటి నుంచి గోరువెచ్చటి నీళ్లు పోయొచ్చు, మంట మాత్రం చూపొద్దు.

7. మధ్యలో ఫోన్ వచ్చినా, యజమాని పిలిచినా వాల్వ్ వదిలి పోకూడదు. పోవాల్సివస్తే రెండూ మూసి పోవాలి.

8. పని అయ్యాక పైపు చివర ప్లగ్ బిగించండి. ఎన్ని లీటర్లు వచ్చిందో పుస్తకంలో రాయండి. నెలకు కంప్రెసర్‌లో పది లీటర్లు పోసి బయటికి మూడే తీస్తుంటే మిగతా ఏడూ కాయిళ్లలోనే చేరుతున్నాయి.

బకెట్‌లో ఆయిల్ చాలాసేపు అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. గదిలో పెట్టకండి, ఆరుబయట మనుషులు తిరగనిచోట పెట్టండి. మళ్లీ కంప్రెసర్‌లో పోయకండి. అది ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తుంది, అనుమతి ఉన్న వాళ్లకే ఇవ్వాలి.

గ్యాస్ ఎక్కించడం

సిలిండర్‌ను తూకం మీద పెట్టి ఎక్కిస్తే ఎంత పోయిందో, ఎప్పుడు ఖాళీ అయ్యిందో తెలుస్తుంది. దొర్లకుండా చెక్క ముక్కలు అడ్డం పెట్టండి. హోస్ అమ్మోనియాకే చేసినదై ఉండాలి. వెల్డింగు షాపు రబ్బరు ట్యూబు, ఎల్‌పీజీ హోస్ వాడకండి. సిలిండర్ మెడ మీద కొట్టిన పరీక్ష తేదీ దాటి ఉంటే దింపుకోకుండా వెనక్కి పంపండి.

ముందు సిలిండర్ వాల్వ్‌ను కొద్దిగా తెరిచి మూసి, జాయింట్ల దగ్గర లీకు చూసుకున్నాకే పూర్తిగా తెరవాలి. నెమ్మదిగా ఎక్కుతోందని సిలిండర్‌కు బ్లోలాంప్ చూపడం, ఆవిరి పెట్టడం చేయకూడదు. ముగించేటప్పుడు వరస ముఖ్యం: మొదట సిలిండర్ వాల్వ్ మూయండి, హోస్‌లో మిగిలింది కంప్రెసర్ లాగేసుకునేదాకా ఆగండి, తర్వాతే సిస్టమ్ వైపు వాల్వ్ మూయండి. తిరగేసి చేస్తే హోస్ నిండా ద్రవం చిక్కుకుంటుంది. అది వేడెక్కి వ్యాకోచిస్తే హోస్ పగులుతుంది, లేదంటే విప్పేవాడి చేతుల మీద పడుతుంది. ఈ మాట ప్లాంటులో ఏ లైనుకైనా వర్తిస్తుంది. రెండు మూసిన వాల్వుల మధ్య ద్రవాన్ని ఎప్పుడూ బంధించకండి.

కరెంటు పోయి వచ్చినప్పుడు

కాయిల్ మీది మంచును వేడి గ్యాస్‌తో కరిగించే పద్ధతి (డీఫ్రాస్ట్) ఉన్న కోల్డ్ రూములకు, ఫ్రీజర్లకు ఇది వర్తిస్తుంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని థియోడోర్‌లో 2010 ఆగస్టులో ఒక కోల్డ్ స్టోరేజీలో ఏడు గంటల కరెంటు కోత తర్వాత సిస్టమ్ తిరిగి నడిపారు. కంట్రోల్ రీసెట్ కావడంతో డీఫ్రాస్ట్‌లో ఉన్న కాయిల్ ఒత్తిడి దించకుండానే నేరుగా చల్లబరిచే దశకు మారింది. ఎక్కువ ఒత్తిడిలోని వేడి గ్యాస్ ఒక్క దెబ్బతో చల్లటి సక్షన్ లైన్లోకి దూకింది. ఆ తాకిడికి కప్పు మీద 12 అంగుళాల పైపు, కాయిల్ పగిలి 32,000 పౌండ్ల అమ్మోనియా, అంటే దాదాపు 14.5 టన్నులు, బయటికి పోయింది.

మనకు కోతలు కొత్త కాదు. కరెంటు పోయినప్పుడు ఏ చాంబర్ డీఫ్రాస్ట్‌లో ఉందో బోర్డు మీద సుద్దతో రాయండి. తిరిగి వచ్చాక ఆ కాయిల్‌కు హాట్ గ్యాస్ వాల్వ్ మూసి, చిన్న బ్లీడ్ వాల్వ్ ద్వారా ఒత్తిడి సక్షన్‌తో సమానమయ్యేదాకా దించి, ఆ తర్వాతే సక్షన్ వాల్వ్‌ను నెమ్మదిగా తెరవండి. పైపుల్లో ‘ఢబ్’ అని చప్పుడు వినబడుతుంటే ఈ దశ ఎవరో దాటేస్తున్నారు.

లీకు వెతకడం, బ్రైన్ చూడటం

గంధకం పుల్ల పాత పద్ధతే అయినా నమ్మదగినది. వెలిగించి జాయింట్ల వెంబడి తిప్పితే లీకు దగ్గర తెల్లటి పొగ చిక్కగా లేస్తుంది. వాసన ఘాటుగా ఉన్న మూసిన గదిలో మాత్రం నిప్పు వద్దు, తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం వాడండి, నీలంగా మారుతుంది. ఇన్సులేషన్ కింద తుప్పు కంటికి కనబడదు. థర్మకోల్ ఊడి నీళ్లు కారుతున్నచోట, పైపు గోడలోంచి దూరినచోట ఏడాదికోసారైనా విప్పించి చూడండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది వాయిదా వేయదగ్గ పని కాదు.

ఐస్ ప్లాంటులో కాయిల్ ఉప్పునీటిలో, అంటే బ్రైన్‌లో, మునిగి ఉంటుంది కాబట్టి చిన్న చిల్లు పడినా గ్యాస్ బ్రైన్‌లో కరిగిపోయి, బయటికి వాసన రాదు. కెనడాలోని ఫెర్నీలో 2017 అక్టోబరులో ఐస్ రింకులో ముగ్గురు ఇలాగే చనిపోయారు. బ్రైన్‌ను చల్లబరిచే చిల్లర్‌లో ట్యూబు నుంచి అమ్మోనియా బ్రైన్‌లోకి కారుతోందని ముందే తెలిసినా దాన్ని మళ్లీ నడిపించారు. బ్రైన్ నమూనాలో నెస్లర్ ద్రావణం కొన్ని చుక్కలు వేస్తే అమ్మోనియా ఉన్నప్పుడు పసుపు నుంచి గోధుమ రంగు వస్తుంది. నెలకోసారి చేయండి. ఆ ద్రావణంలో పాదరసం ఉంటుంది, గ్లౌజులు వేసుకోండి. ఐస్ దిమ్మెకు వాసన వస్తోందని చేపల వ్యాపారి తిరిగి తెస్తే డబ్బు ఇచ్చేసి, ఆ రోజే కాయిల్ చూడండి.

లీకైతే

కేకేయండి, సైరన్ మోగించండి, ఎమర్జెన్సీ స్టాప్ నొక్కండి. ఎక్కడ లీకైందో చూద్దామని మాస్కు లేకుండా లోపలికి వెళ్లొద్దు. గాలి సంచి చూసి, పొగ పోయే దారికి అడ్డంగా పక్కకు, తర్వాత గాలి వచ్చే వైపుకు నడవండి. గాలి పోయే వైపు పరిగెడితే పొగ మీ వెంటే వస్తుంది. బయటపడటానికి తడి తువ్వాలు ముక్కుకు కట్టుకుంటే కొన్ని ఊపిర్ల పాటు సాయపడుతుంది. దాన్ని నమ్మి తిరిగి లోపలికి పోకూడదు. గేటు దగ్గర మనుషుల్ని లెక్కపెట్టండి. రాత్రి షిఫ్టు ఆడవాళ్లు నిద్రపోయే గది ఉంటే ముందు అక్కడికి మనిషిని పంపండి. ఆ గదికి బయట గొళ్లెం పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే మాన్పించండి.

101, 108కి ఫోన్ చేసి “అమ్మోనియా” అని పేరు చెప్పండి. లోపలికి పోకుండా చేరగలిగితే రిసీవర్ అవుట్‌లెట్ వాల్వ్ మూయండి. ఊరివైపు గాలి ఉంటే పక్క ఇళ్లవాళ్లకు చెప్పండి. పోలేనివాళ్లు తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో తడి గుడ్డలు కుక్కి, ఫ్యాన్లు, కూలర్లు ఆపి ఉండాలి.

నీళ్లు కొట్టడంలోనే చాలామంది తప్పు చేస్తారు. గాలిలోని తెల్ల పొగ మీద తుంపరగా కొడితే గ్యాస్‌ను నీరు పీల్చుకుంటుంది. నేల మీద మడుగు కట్టిన ద్రవం మీద, చిమ్ముతున్న పైపు మీద నేరుగా కొట్టకూడదు. ద్రవానికి నీటి వేడి తగిలి భగ్గున మరిగి పొగ రెట్టింపవుతుంది.

మనిషికి తగిలితే

కళ్లలో పడితే ప్రతి సెకనూ లెక్కే. రెప్పలు వేళ్లతో విప్పి పట్టుకుని మామూలు నీళ్లతో కనీసం పావుగంట, వీలైతే అరగంట కడగండి. అంబులెన్సులో కూడా కడుగుతూనే ఉండండి. అమ్మోనియా క్షారం, కనుపాప పొరలోంచి లోపలికి దిగిపోతుంది. మొదట కన్ను బాగానే ఉన్నట్టు కనిపించినా డాక్టర్‌కు చూపించాలి. పులుపు విరుగుడని నిమ్మరసం, వెనిగర్ పోయడం, ఆముదం వేయడం వద్దు.

ద్రవం ఒంటి మీద పడితే బట్టలు గడ్డకట్టి చర్మానికి అతుక్కుంటాయి. లాగితే చర్మం ఊడొస్తుంది. ముందు ధారాళంగా నీళ్లు పోసి, కరిగాక విప్పండి. రుద్దకండి, పూతలు రాయకండి.

పీల్చినవాణ్ణి ఆరుబయటికి తెచ్చి కూర్చోబెట్టండి. గొంతు బొంగురు పోయినా, ఊపిరిలో ఈల శబ్దం వచ్చినా గొంతు లోపల వాస్తోందని అర్థం, ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికే పంపండి. దగ్గు తగ్గింది, ఇంటికి పోతానంటే పంపకండి. ఊపిరితిత్తుల్లో నీరు కొన్ని గంటల తర్వాత చేరొచ్చు, ఒక రోజైనా డాక్టర్ కళ్ల ముందు ఉండాలి. ద్రవమా, ఆవిరా, ఎన్ని నిమిషాలు పీల్చాడు, ఈ మూడూ కాగితం మీద రాసి వెంట పంపండి.

ఆ తర్వాత

కడిగిన నీళ్లలో అమ్మోనియా ఉంటుంది. అవి కాలువలోకి పోతే పక్క చెరువులో చేపలు, రొయ్యలు తేలతాయి. ముందే ఇసుక బస్తాలతో డ్రెయిన్ మూసి నీటిని గుంటలో పట్టండి, చెరువు రైతుకు కబురు పెట్టి తూము మూయించండి. వాడిన క్యానిస్టర్లు పారేసి కొత్తవి తగిలించండి. డిటెక్టర్ 25 కిందికి దిగి, లీకైన భాగాన్ని మార్చి, ఒత్తిడి పరీక్ష పెట్టి, గంధకం పుల్లతో మళ్లీ చూశాకే కంప్రెసర్ స్టార్ట్ చేయండి. గుంటలో పట్టిన నీటిని ఏం చేయాలో కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు చెప్పేదాకా అక్కడే ఉంచండి.